బ్యానరుకు ఏడు ముఖాలు, బల్లకు మూడు కాళ్లు

శుక్రవారం రాత్రి పదకొండున్నరకు వాట్సాప్‌లో ఉత్తర్వు దిగింది. కొత్తగా చేరే పిల్లలు కంప్యూటర్ వ్యవహారాలతో తికమక పడుతున్నారు గనుక సోమవారం నుంచి ‘విద్యార్థి సహాయ కేంద్రం’ తెరుస్తారట, అందులో నేను కూర్చోవాలట. నేను చెప్పేది తెలుగు సాహిత్యం. ఉద్యోగం కాంట్రాక్టు. ఈ రెండు అర్హతలూ ఉన్నవాడికి విశ్వవిద్యాలయంలో రాని పని అంటూ ఉండదు. మొక్కలు నాటించాను, యోగా దినం నాడు చాపలు లెక్కపెట్టాను, ఇప్పుడు కంప్యూటర్ నేర్పాలి.

విశ్వవిద్యాలయం పేరు చెప్పను. ఏప్రిల్‌లో నా రెన్యువల్ ఉంది. చదివినవాళ్లు ఎవరికి వారు తమ క్యాంపసే అనుకుంటే నా పూచీ లేదు.

సోమవారం వెళ్లి చూస్తే మెట్ల కింద ఒక బల్ల. దానికి మూడు కాళ్లే. నాలుగో కాలి చోట పోయినేడాది అచ్చేయించిన ‘కాగిత రహిత క్యాంపస్’ బ్రోషర్ల కట్ట. వెనకాల పదడుగుల ఫ్లెక్సీ మీద ఏడు ముఖాలు నవ్వుతున్నాయి. ఏడో ముఖానికి చోటు చాలక కింద వేయాల్సిన ఫోన్ నంబరు ఎత్తేశారు. కంప్యూటర్ ఏదని సూపరింటెండెంటును అడిగాను.

“ఇండెంట్ పెట్టినం సార్.”

“ఇంటర్నెట్?”

“మీ ఫోన్ల డేటా ఉంటది గద.”

ఇంతకీ ఆ పిల్లలు దాటాల్సిన గుమ్మాలెన్నో ఆ వారంలో నేను లెక్కపెట్టాను. డిగ్రీ సీటుకు ‘దోస్త్’. 2016లో వచ్చిన ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి. పేరుకు స్నేహితుడే, పలకరింపుకు 200 రూపాయలు. స్కాలర్‌షిప్పుకు ఈపాస్. సర్టిఫికెట్లకు డిజిలాకర్. సంపాదించుకున్న క్రెడిట్లు దాచుకోవడానికి యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్, అందులోకి వెళ్లడానికి 12 అంకెల అపార్ సంఖ్య. ఆన్‌లైన్ కోర్సులకు స్వయం. ఇవన్నీ ప్రభుత్వాలవి. మనం మాత్రం తక్కువ తిన్నామా అని మావాళ్లు ఫీజుకొకటి, పరీక్షలకొకటి, హాస్టలుకొకటి, లైబ్రరీకొకటి సొంతంగా కొన్నారు. వెరసి తొమ్మిది గుమ్మాలు, తొమ్మిది తాళాలు. నాలుగు సొంత తాళాలకూ పుట్టినతేదీయే తాళంచెవి అని నోటీసులో ఉంది. ఒకదాంట్లో తేదీ మధ్య గీత పెట్టాలి, ఒకదాంట్లో వాలుగీత పెట్టాలి, ఒకదాంట్లో ఏమీ పెట్టకూడదు, నాలుగో దాంట్లో నెల ముందు రాయాలి. ఈ సంగతి నోటీసులో లేదు. పిల్లవాడు తన పుట్టినతేదీ తనకే తెలియదేమోనని అనుమానం వచ్చి ఇంటికి ఫోన్ చేస్తాడు.

పరీక్షల పోర్టల్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక సలహా కూడా ఉంది: దీన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగా కనిపిస్తుందట. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15నే విశ్రాంతినిచ్చింది. మా పోర్టల్‌కు ఆ కబురు అందలేదు. పోయినవాళ్లకు ఉత్తరాలు రాయడం మా పరీక్షల విభాగానికి కొత్తేమీ కాదు లెండి. రిటైరై, ఆపైన కాలం చేసిన మాస్టారికి ఇప్పటికీ స్క్వాడ్ డ్యూటీ వేస్తుంటారు.

కొత్త పాస్‌వర్డు పెట్టాలంటే ఎనిమిది అక్షరాలుండాలి, అందులో పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలి, తొంభై రోజులకోసారి మార్చాలి. ఈ తరహా నియమాలకు మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన పత్రం. 2017లో ఆయనే, తాను చెప్పినదాంట్లో చాలావరకు పొరపాటని పత్రికల ముఖంగా విచారపడ్డాడు. ఆ సంస్థ కూడా అదే ఏడు ఆ నియమాలను పక్కనపెట్టింది. రాసినవాడు లెంపలేసుకున్నా పాటించేవాడు మానడు. పిల్లలు మాత్రం దీనికి చక్కటి విరుగుడు కనిపెట్టారు. పేరు, ఎట్, వన్ టూ త్రీ. తొంభై రోజులు దాటాక వన్ టూ త్రీ ఫోర్. క్యాంపస్ మొత్తానికి ఒకటే తాళంచెవి ఉన్నట్టు లెక్క.

తాళం తీశాక ద్వారపాలకుడు వస్తాడు. క్యాప్చా. మనిషో యంత్రమో తేల్చే పరీక్ష. పాపం, ఆ పేరు పెట్టిందీ ఒక విశ్వవిద్యాలయం వాళ్లే, అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో. తొమ్మిది గళ్ల బొమ్మ చూపి ‘ఫైర్ హైడ్రెంట్లు ఉన్న గళ్లు నొక్కు’ అంది. అమెరికా వీధుల పక్కన మంటలార్పే నీటి కోసం పాతిపెట్టే పొట్టి గొట్టాలవి. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు చాలాసేపు చూసి, “సార్, ఇది సిలిండరా, హనుమాన్ల గుడి కాడి రాయా?” అన్నాడు. నేనూ తేల్చలేకపోయాను. విప్పి చూడకుండానే గులాబీ పురుగు పట్టిన పత్తికాయను ఏరి చేతిలో పెట్టగలిగిన ఆ పిల్లవాడు మనిషి కాడని యంత్రం మూడుసార్లు తీర్పిచ్చింది.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు బాధ పేరు దగ్గరుంది.

ఫారంలో మూడు గళ్లుంటాయి. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. తెలుగువాడికి మొదట వచ్చేది ఇంటిపేరు. మొదటి గడిలో మొదటి పేరు రాయమన్నారు గనుక పిల్లలు బుద్ధిగా ఇంటిపేరు రాస్తున్నారు. ఇంతకంటే సరైన తర్కం లోకంలో ఉండదు. కానీ యంత్రం లెక్కలో అది తప్పు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం మిగులుతుంది, బ్యాంకులో అదే పొడి అక్షరం పేరు చివరికి పోతుంది. ఈ ముగ్గురూ ఒకే పిల్ల అని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పోర్టల్ చెప్పదు. ఇంటిపేరు వాడుకలో లేని పిల్లల అవస్థ ఇంకా ఘోరం. లాస్ట్ నేమ్ గడి పక్కన ఎర్ర నక్షత్రం ఉంటుంది, ఖాళీగా వదలకూడదు. ఒక పిల్లవాడు తెలివిగా చుక్క పెట్టాడు. ‘ప్రత్యేక గుర్తులు అనుమతించబడవు’ అంది. పాస్‌వర్డులో గుర్తు లేకపోతే ఒప్పుకోదు, పేరులో గుర్తు ఉంటే ఒప్పుకోదు. చివరికి వాడు అదే పేరు రెండుసార్లు రాశాడు. డిగ్రీ పట్టా మీదా అలాగే అచ్చవుతుంది.

ఈ గళ్ల గొడవ సముద్రం దాటినా వదలదు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే కుక్కేసిన మనవాళ్లకు అమెరికా వీసా మీద సొంత పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, సొంత పేరు తెలియదు అని దానర్థం. అక్కడి క్యాంపస్‌లో చేరిన మా పాత విద్యార్థిని మొదటిరోజే “మిస్టర్ ఫ్నూ” అని పిలిచారట. బారసాల నాడు బియ్యంలో మేనత్త రాయించిన పేరు బియ్యంలోనే కలిసిపోయింది.

ఇప్పుడు దీని వెనకున్న మతలబు వినండి. వెనకటికి పిల్లల పేర్లు రిజిస్టరులో గుమాస్తా రాసేవాడు. తప్పు రాస్తే తప్పు గుమాస్తాది. పిల్లవాడి తండ్రి వచ్చి కౌంటరు మీద గుద్దితే, గొణుక్కుంటూనైనా ఎర్రసిరాతో దిద్దేవాడు. గుమాస్తా రిటైరయ్యాడు, ఆ పోస్టు భర్తీ కాలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు పిల్లవాణ్ణే కూర్చోబెట్టారు. జీతం లేదు, శిక్షణ లేదు, కుర్చీ కూడా లేదు, నిలబడి ఫోన్‌లో చెయ్యాలి. ఈ వెట్టికి ‘సెల్ఫ్ సర్వీస్’ అని పేరు పెట్టారు. చివర్లో ‘పై వివరాలన్నీ నేనే నింపాను, తప్పులకు నాదే బాధ్యత’ అనే గడిలో టిక్కు పెట్టిస్తారు. తప్పు దిద్దుకోవాలంటే మా దగ్గర సవరణ రుసుము 500. గుమాస్తా తప్పు రాస్తే విశ్వవిద్యాలయానికి తలవంపులు, విద్యార్థి తప్పు రాస్తే విశ్వవిద్యాలయానికి ఆదాయం. మరి నేర్పమంటే ఎవరికి మనసొప్పుతుంది?

పిల్లలకు తెలివి లేక కాదు. నిమిషంలో రీల్ కోసి, అతికి, పాట కలిపి వదులుతారు. కిరాణా కొట్లో అమ్మ తరఫున ఫోన్‌పే కొడతారు. కానీ అది ఫోన్. కంప్యూటర్ వేరే జంతువు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4. మా ల్యాబులో మొదటిరోజు ఒక అమ్మాయి మానిటర్ అద్దం మీద వేలు పెట్టి నొక్కింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. చుట్టూ చూసి, ఎవరూ చూడలేదనుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పీరియడ్ అయ్యేదాకా మళ్లీ దేన్నీ ముట్టుకోలేదు. హాజరు పడింది. కంప్యూటర్ ప్రాథమిక పరిజ్ఞానం కింద రెండు క్రెడిట్లు కూడా పడ్డాయి.

ఫైలు దాచుకోవడం ఇంకో గండం. ఫోన్‌లో ఫొటో ఎక్కడుందో ఎవరూ వెతకరు, గ్యాలరీలోనే ఉంటుంది. కంప్యూటర్‌లో సేవ్ చేసింది ఎక్కడికి పోతుందో వాళ్లకెవరూ చెప్పలేదు. “ఇప్పుడే ఉండె సార్, నొక్కంగనే పోయింది” అంటారు. ఫొటో 50 కేబీ మించొద్దు, సంతకం 20 కేబీ మించొద్దు అంటే, “అంటే చిన్నగ సంతకం పెట్టాల్నా సార్?” అని ఒకడు అడిగాడు. నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కేబీ అంటే ఏమిటో నాకూ ఎవరూ చెప్పలేదని గుర్తొచ్చి నవ్వు ఆగింది.

రెండోరోజు మధ్యాహ్నం ఓటీపీ యజ్ఞం జరిగింది. అమ్మాయి ఆధార్‌కు తండ్రి నంబరు జోడించి ఉంది. అంకెలు ఊళ్లో తండ్రి ఫోన్‌కు పోతాయి. గడువు పది నిమిషాలు.

“బాపూ, నీ ఫోన్‌ల ఆరు అంకెలొచ్చినయ్, చదువు.”

“మాట్లాడుకుంట మెసేజ్ ఎట్ల చూస్తరు బిడ్డా? పెట్టెయ్, చూసి జేస్త.”

నాలుగు నిమిషాలకు మళ్లీ మోగింది. ఆయన నాలుగే అంకెలు చదివాడు. అవి గ్యాస్ బండవి.

“అది కాదు బాపూ, దానిమీద ఇంకోటి చూడు.”

“చూస్తగని బిడ్డా, గియ్యి ఎవ్వలకు చెప్పొద్దని బ్యాంకోళ్లు మరీ మరీ చెప్పిన్రు. నువ్వు నా బిడ్డవేనా?”

గడువు అయిపోయింది. మా తల మీద గోడకు సైబర్ నేరాల పోస్టరు ఉంది: ఓటీపీ ఎవరికీ చెప్పకండి, మోసపోతే 1930కి ఫోన్ చెయ్యండి. దాని పక్కనే మా నోటీసు: నేటి సాయంత్రం అయిదింటిలోగా ఓటీపీ నమోదు చేయనివారి దరఖాస్తులు తిరస్కరించబడును. రెండింటి కిందా ప్రభుత్వ ముద్రే.

ఆ అమ్మాయి పని చివరికి ఎక్కడైందంటే, గేటు ఎదుటి నెట్ సెంటర్లో. పది అడుగుల మడిగె, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్. నడిపే ఆయన మా విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ రెండుసార్లు తప్పాడు. ఫారం నింపితే 50, ఫొటో కుదిస్తే 20, మరిచిపోయిన పాస్‌వర్డు చెబితే 10. ఏ పోర్టల్ ఏ బ్రౌజర్‌లో తెరుచుకుంటుందో, ఏది రెండోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు కోస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. “రాత్రి పదకొండు దాటినంక రా చెల్లె, సర్వర్ ఖాళీగ ఉంటది” అని ముహూర్తాలు పెడతాడు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారు. ఇక్కడ పూజారి గుడి బయట కూర్చుని కరుణిస్తున్నాడు, లోపల దేవుడికే సర్వర్ డౌన్.

ఆయన దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్కుంది. అందులో వరసగా పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, పాస్‌వర్డులు, ఎవరి ఓటీపీ ఏ మేనమామ ఫోన్‌కు పోతుందో ఆ వివరం. మా విశ్వవిద్యాలయం మొత్తం డేటాకు నమ్మదగిన ప్రతి అదొక్కటే. వరద వచ్చి మా సర్వర్ గది మునిగితే కాపాడాల్సింది ఆ నోట్‌బుక్కును.

అలాగని ఆయన్ని ఆకాశానికెత్తను. ఆయన తెర తనవైపే తిప్పుకుంటాడు. పిల్ల బల్లకు అవతల నిలబడి వివరాలు చెబుతుంది, ఆయన టకటకా కొడతాడు. మొదటి ఏడు ఫీజు కట్టడానికి వచ్చిన పిల్ల మూడో ఏడు ఉద్యోగం దరఖాస్తుకూ ఆయన దగ్గరికే వస్తుంది. నేర్పితే ఆయన కొట్టు మూతపడుతుంది, నేర్పడు. అది వ్యాపారం, అర్థముంది. నేర్పడమే వ్యాపారంగా పెట్టుకున్న మాకేమొచ్చింది?

ఇది పసిపిల్లల కథ అనుకునేరు. పరిశోధక విద్యార్థులదీ ఇదే కథ. కేంద్రం 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. మా స్కాలరు ఒకాయన అందులోని వ్యాసం ఒకటి నెట్ సెంటర్లో ముప్పై రూపాయలిచ్చి తెప్పించుకుంటున్నాడు. లాగిన్ ఎలాగో లైబ్రరీలో అడిగావా అంటే, “అడిగిన సార్, లైబ్రరీ వెబ్‌సైట్‌ల ఉన్నదట” అన్నాడు. వెబ్‌సైట్‌లో ఏముందంటే, వివరాలకు లైబ్రరీలో సంప్రదించగలరు అని ఉంది.

శుక్రవారం సమీక్షా సమావేశం పెట్టారు. జీడిపప్పు పకోడీ బాగుంది. నేను లేచి నాలుగు ముక్కలు మాట్లాడాను. రెండో ఏడాది పిల్లల్ని రోజుకు రెండు గంటలు, గంటకు కొంత అని ఇచ్చి, కొత్తవాళ్ల పక్కన కూర్చోబెడదాం. మౌస్ మాత్రం కొత్తవాళ్ల చేతిలోనే ఉండాలి. తప్పు నొక్కినా నష్టం లేని ఉత్తుత్తి ఫారం ఒకటి తయారుచేసి ముందు దాని మీద చెయ్యి తిప్పిద్దాం. ఫస్ట్ నేమ్ అనే చోట ‘ఇంటిపేరు కాదు, నీ పేరు’ అని తెలుగులో రాయిద్దాం. ఈ చివరి పనికి పైసా ఖర్చు లేదు.

అధ్యక్ష స్థానంలోని పెద్దాయన జాలిగా చూశారు. “మీరు లిటరేచర్ కదా. ఇప్పటి పిల్లలంతా డిజిటల్ నేటివ్స్. పుడుతూనే వచ్చేస్తుంది” అన్నారు. ఆ మాటను అమెరికాలో మార్క్ ప్రెన్స్కీ 2001లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇరవై ఏళ్లు పైబడి ప్రయాణం చేసి మా సమావేశ మందిరానికి చేరింది. ఆ మాట అంటూనే ఆయన తన ఫోన్ పక్కనున్న అటెండరుకిచ్చి, “ఈ సౌండ్ ఎట్లా ఆపాలో చూడు” అన్నారు. అటెండరు ఆపాడు. అది మాత్రం సహాయం కిందికి రాదు.

చివరికి చాట్‌బాట్ కొనాలని తీర్మానించారు. సంస్కృతంలో మంచి పేరు పెట్టారు. ‘హాల్ టికెట్ రావట్లేదు’ అని తెలుగులో అడిగాను. ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు, క్యాంపస్ మ్యాప్ ఇదిగో’ అంది. మ్యాప్‌లో మా సహాయ కేంద్రం లేదు.

తర్వాతి నెల విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చింది. ముందురోజు రాత్రికి రాత్రి బల్లకు నాలుగో కాలు మొలిచింది. డీన్ గదిలోంచి కంప్యూటర్ నడిచివచ్చింది. ఫ్లెక్సీ మీద ఏడు ముఖాలకు తోడు ఒక టోల్‌ఫ్రీ నంబరు కూడా వెలిసింది. యూనిఫాం వేసిన ఇద్దరు విద్యార్థుల్ని సహాయం పొందుతున్నట్టు కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఇద్దరూ కంప్యూటర్ సైన్స్ పీజీ వాళ్లే. బృందం కారు గేటు దాటీ దాటకముందే కంప్యూటర్‌ను మోసుకెళ్లడానికి ఇద్దరు వచ్చారు.

వాళ్లకు టీ తాగడానికి పట్టిన ఇరవై నిమిషాల్లో ఒక సంగతి జరిగింది. అద్దం మీద వేలు పెట్టి నొక్కిన అమ్మాయి, ఆ మధ్యలో ఎవరి దగ్గర నేర్చుకుందో గానీ, ఒక కొత్త కుర్రాణ్ణి ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తాను పక్కన స్టూలు వేసుకుంది. వాడు కంగారుగా నొక్కబోతుంటే చెయ్యి పట్టి ఆపింది. “నొక్కకు. ముందుగాల చదువు. ఏమని రాసుంది?” వాడు చదివాడు. “అర్థమైందా? ఇప్పుడు నొక్కు.” ఫారం పోయింది. వాడి పేరు వాడి గడిలోనే పడింది. నేను చూస్తూ కూర్చున్నాను, అంతే.

వారానికి నాకు మెమో వచ్చింది. అనధికార వ్యక్తిని అధికారిక కంప్యూటర్ వద్ద అనుమతించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. 48 గంటల్లో, ఉద్యోగుల పోర్టల్ ద్వారా, ఆన్‌లైన్‌లోనే. కాంట్రాక్టు వాళ్లకు ఆ పోర్టల్‌లో లాగిన్ ఇవ్వలేదని పరిపాలన భవనంలో చెబితే, అది పోర్టల్‌లోనే ఫిర్యాదు చెయ్యమన్నారు.

యాభై రూపాయలు జేబులో వేసుకుని గేటు దాటాను. నెట్ సెంటర్ ఆయన నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. మెమో కాగితం అందుకుని, పొడుగు నోట్‌బుక్కు తెరిచి వేలితో వరసలు దిగుతూ ఒకచోట ఆగాడు.

“మీ లాగిన్ అయ్యిందే సార్, పోయిన జూన్లనే. పాస్‌వర్డ్ చెప్పాల్నా, పది రూపాయలు.”